గడప దాటే అనుమతి: ఆస్ట్రేలియా వైకల్య సేవల్లో వ్యాపార నమోదు, ఒక సమీక్ష

వైకల్యం గల మనిషికి స్నానం చేయించడం, అన్నం తినిపించడం, మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి చేర్చడం వంటి పనులను ఒక వ్యాపార సంస్థ డబ్బు తీసుకుని చేస్తున్నప్పుడు, ఆ సంస్థ ఆ ఇంటి గడప దాటడానికి తగినదేనని ప్రభుత్వం ఏ ఆధారంతో చెప్పగలదు, చెప్పిన తర్వాత ఆ మాటకు ఎంతవరకు కట్టుబడి ఉండాలి అన్నది సంక్షేమ విధానాలను అధ్యయనం చేసేవారి ముందున్న పెద్ద ప్రశ్న. ఆస్ట్రేలియాలోని జాతీయ వైకల్య బీమా పథకం, అంటే అందరూ ఎన్‌డీఐఎస్ అని పిలిచే పథకం, ఈ ప్రశ్నను విశాలమైన స్థాయిలో ఎదుర్కొన్నది. 2024 జూన్ నాటికి 6 లక్షల 60 వేల మందికి పైగా ఈ పథకంలో ఉన్నారు. 2023–24లో దాని ఖర్చు సుమారు 4,200 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. ఇంత డబ్బు చేతులు మారే చోట సేవలు అందించడానికి ముందుకొచ్చే సంస్థను పరీక్షించి, ప్రభుత్వ గుర్తింపు ఇచ్చే ప్రక్రియకే అక్కడ ‘రిజిస్ట్రేషన్’ అని పేరు. ఆ ప్రక్రియ ఎలా పుట్టింది, ఎలా నడుస్తుంది, ఎక్కడ పనిచేసింది, ఎక్కడ విఫలమైంది, ఇప్పుడు ఎటు కదులుతోంది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనకు వస్తాయి.

పథకానికి ముందు కాలంలో రాష్ట్ర ప్రభుత్వాలు ధార్మిక సంస్థలకు, సేవాసంఘాలకు మొత్తంగా నిధులిచ్చేవి. ఆ సంస్థ దగ్గర ఖాళీ ఉంటే మనిషికి సేవ దొరికేది, లేకపోతే ఏళ్ల తరబడి వేచి ఉండేవాడు. ఎవరికి ఎంత సాయం అందాలన్నది అతని అవసరాన్ని బట్టి కాక, అతను ఏ రాష్ట్రంలో ఉన్నాడు, వైకల్యం పుట్టుకతో వచ్చిందా ప్రమాదంలో వచ్చిందా అన్న విషయాలను బట్టి తేలేది. ఉత్పాదకతా సంఘం, అంటే ఆర్థిక, సామాజిక విధానాలపై ఆ దేశ ప్రభుత్వానికి సలహా ఇచ్చే స్వతంత్ర సంస్థ, 2011లో ఇచ్చిన నివేదికలో ఈ ఏర్పాటు చాలీచాలని నిధులతో, అన్యాయంగా, ముక్కలు ముక్కలుగా నడుస్తున్నదని తేల్చి, దాని స్థానంలో జాతీయ స్థాయి బీమా తరహా పథకాన్ని సిఫారసు చేసింది. జూలియా గిలార్డ్ ప్రధానిగా ఉండగా 2013లో చట్టం వచ్చింది, ఆ ఏడాది జూలై 1న ప్రయోగ ప్రాంతాల్లో అమలు మొదలైంది. ‘బీమా’ అన్న మాట విని ఎవరో ప్రీమియం కట్టి పాలసీ తీసుకుంటారని అనుకోనవసరం లేదు. ఏ పౌరుడికైనా తీవ్రమైన వైకల్యం రావచ్చు గనుక ఆ భారాన్ని దేశమంతా కలిసి మోయాలన్నదే ఆ మాట వెనకున్న భావన, అందుకే 2014 జూలై నుంచి ఆరోగ్య పన్నును ఒకటిన్నర శాతం నుంచి రెండు శాతానికి పెంచారు.

ఈ మార్పులోని అసలు విశేషం డబ్బు నడిచే దారిలో ఉంది. నిధులు సంస్థకు కాక మనిషికి చెందుతాయి. 65 ఏళ్లలోపు పథకంలో చేరిన ప్రతి వ్యక్తికి, అంటే అక్కడి వాడుకలో ‘పార్టిసిపెంట్’కు, అతని అవసరాలను బట్టి ఒక ప్లాన్ తయారవుతుంది, అందులోని సొమ్ముతో తనకు నచ్చిన వారి దగ్గర సేవ కొనుక్కునే హక్కు అతనిది. మనిషికి ఎంపిక దక్కాలంటే ఎంచుకోవడానికి చాలామంది అమ్మకందారులు ఉండాలి గనుక, ధార్మిక సంస్థల గుత్తాధిపత్యం ఉన్న రంగంలోకి లాభాపేక్ష గల కంపెనీలు, ఒంటరిగా పనిచేసే ఫిజియోథెరపిస్టులు, తోటపని చేసేవారు, వ్యాన్ నడిపేవారు అందరూ వచ్చారు. ఎంపిక ఎంత విస్తరించిందో, ఎంపిక చేసుకునే స్థితిలో లేని మనిషికి ముప్పు కూడా అంతే విస్తరించింది. ఈ రెండింటి మధ్య నడవడానికి పుట్టిన ఏర్పాటే నమోదు. తర్వాతి వాదోపవాదాలన్నీ ఏదో ఒక రూపంలో ఈ ఒరిపిడి నుంచే వచ్చాయి.

మొదటి సంవత్సరాల్లో సంస్థల నాణ్యతను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తన నిబంధనల ప్రకారం చూసుకునేది. జాతీయ స్థాయిలో ఎన్‌డీఐఎస్ నాణ్యతా రక్షణల కమిషన్ 2018 జూలై 1న న్యూ సౌత్ వేల్స్, సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రాల్లో పని ప్రారంభించి, ఏడాది తర్వాత మిగిలిన చాలా ప్రాంతాలకు, 2020 డిసెంబరు 1న వెస్ట్రన్ ఆస్ట్రేలియాకు విస్తరించింది. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవారు తరచూ తికమకపడే సంగతి ఇక్కడే ఉంది: పథకంలో ఎవరు చేరవచ్చు, ప్లాన్‌లో ఎంత సొమ్ము ఉండాలి, సేవలకు గరిష్ఠ ధర ఎంత అన్నవి నిర్ణయించేది జీలాంగ్ నగరంలో ప్రధాన కార్యాలయం ఉన్న ఎన్‌డీఐఏ అనే ఏజెన్సీ, సంస్థలను నమోదు చేసేది, ఫిర్యాదులు వినేది, శిక్షించేది కమిషన్. సొమ్ము ఇచ్చే చేతిని, కాపలా కాసే కన్నును వేరు చేయడం సరైన నిర్ణయమే, ఎందుకంటే సేవలకు కరువు ఉన్న చోట సొమ్ము ఇచ్చే సంస్థే కాపలా కూడా కాస్తే, ఉన్న ఒక్క సంస్థను మూయించడానికి దానికి మనసొప్పదు.

ఎవరు నమోదు కావాలి అన్న ప్రశ్నకు వచ్చే సమాధానం మొదటిసారి వినేవారికి వింతగా తోస్తుంది. ప్లాన్‌లోని సొమ్మును నడిపే పద్ధతులు మూడు. ఏజెన్సీయే నేరుగా బిల్లులు చెల్లించేది ఒకటి. ప్లాన్ మేనేజర్ అనే మధ్యవర్తి లెక్కలు చూసేది రెండోది. పార్టిసిపెంట్ గానీ అతని కుటుంబం గానీ స్వయంగా చెల్లించి లెక్క చూపేది మూడోది. మొదటి పద్ధతిలో ఉన్నవారు నమోదైన సంస్థల నుంచి మాత్రమే సేవలు తీసుకోవాలి, మిగిలిన రెండు పద్ధతుల వారు నమోదు కాని సంస్థలనూ వ్యక్తులనూ పెట్టుకోవచ్చు. ప్రత్యేకంగా కట్టిన వసతి గృహాలు, ప్రవర్తనకు సంబంధించిన ప్రత్యేక సహాయం, ప్లాన్ మేనేజ్‌మెంట్, మనిషి కదలికలను అదుపుచేసే చర్యలు వాడే సేవలు, వీటికి మాత్రం సొమ్ము ఎవరి చేతిలో ఉన్నా నమోదు తప్పనిసరి. అంటే ఈ కొద్ది సేవలను మినహాయిస్తే, ఒక సంస్థ పరీక్షకు నిలబడాలా వద్దా అన్నది ఆ సేవలో ఉన్న ముప్పును బట్టి కాక, బిల్లు ఎవరు కడతారన్న దాన్ని బట్టి తేలుతోంది. పచ్చిక కోసే పని చేసే సంస్థ ఏజెన్సీ బిల్లుల కోసం నమోదు కావలసి వస్తుండగా, మాట రాని మనిషికి ఒంటరిగా స్నానం చేయించే వ్యక్తి ఏ నమోదూ లేకుండా పనిచేయవచ్చు. విధానంలోని అతి పెద్ద లోపం ఇదే. సుమారు 16 వేల సంస్థలు నమోదై ఉంటే, నమోదు లేకుండా సేవలందించేవారు లక్షన్నరకు పైగా ఉన్నారన్న 2023 నాటి అంచనాను ఈ నేపథ్యంలోనే చదవాలి.

నమోదు ప్రక్రియ కాగితం మీద చూస్తే సరళంగానే ఉంటుంది. వ్యాపారానికి ముందుగా పన్నుల శాఖ వ్యవహారాల్లో వాడే పదకొండు అంకెల వ్యాపార సంఖ్య, తగిన బీమాలు, కమిషన్ ఆన్‌లైన్ వ్యవస్థలోకి ప్రవేశించడానికి ప్రోడా ఖాతా ఉండాలి. దరఖాస్తులో సంస్థ తాను ఏయే సేవలు ఇవ్వదలచిందో ‘రిజిస్ట్రేషన్ గ్రూపు’ల వారీగా ఎంచుకుంటుంది. ఇంటిపనిలో సాయం ఒక గ్రూపు, రోజువారీ వ్యక్తిగత పనుల్లో సాయం మరొకటి, ఉమ్మడి ఇంట్లో నివసించే వారికి తోడుగా ఉండడం ఇంకొకటి. ఇలా ముప్పైకి పైగా ఉన్నాయి. కొత్త వ్యాపారులు ముందు జాగ్రత్త పేరిట కనిపించిన గ్రూపులన్నీ ఎంచుకుంటారు, దాని ఫలితం వారికి తర్వాత తెలుస్తుంది: ఏ గ్రూపు ఎంచుకున్నారన్న దాన్ని బట్టే ఏ ప్రమాణాలు వర్తిస్తాయి, ఏ తరహా ఆడిట్ జరుగుతుంది, దానికి ఎంత ఖర్చవుతుంది అన్నవి నిర్ణయమవుతాయి. చేసే పనికే గ్రూపు ఎంచుకోవడం ఆర్థికంగానే కాక నైతికంగానూ సరైనది, ఎందుకంటే చేతకాని సేవకు గుర్తింపు సంపాదించి పెట్టుకున్న సంస్థ ఏదో ఒక రోజు ఆ సేవను అడిగిన వారికి కాదనలేదు.

దరఖాస్తులోనే స్వీయ మూల్యాంకనం ఉంటుంది, అంటే ‘ప్రాక్టీస్ స్టాండర్డ్స్’ అనే ఆచరణ ప్రమాణాల్లో ఒక్కొక్కదాన్ని తాను ఎలా పాటిస్తున్నదో, లేదా పాటించబోతున్నదో సంస్థ తన మాటల్లో రాసి, ఆధారపత్రాలు జతచేయాలి. ఈ ప్రమాణాల ముఖ్య భాగంలో నాలుగు విభాగాలున్నాయి: సేవ పొందే వారి హక్కులు, సంస్థ పాలనా నిర్వహణా, సేవ అందించే తీరు, సేవ జరిగే పరిసరాలు. ముప్పు ఎక్కువ ఉన్న సేవలకు అదనపు భాగాలున్నాయి. గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం, శ్వాస గొట్టం చూసుకోవడం వంటి నైపుణ్యం కావలసిన పనులకు ఒకటి, చిన్నపిల్లల సేవలకు ఒకటి, ఇలా. 2021 చివరిలో భోజన సమయ నిర్వహణను కొత్త ప్రమాణంగా చేర్చడం గమనించదగినది. మింగడంలో ఇబ్బంది ఉన్నవారు ఆహారం గొంతుకు అడ్డుపడి చనిపోవడం ఈ రంగంలో పదేపదే జరిగిన విషాదం గనుక, ముద్ద ఎంత మెత్తగా ఉండాలి, తినేటప్పుడు మనిషి ఎలా కూర్చోవాలి అన్న వంటింటి సంగతులు చట్టపు భాషలోకి రావలసి వచ్చింది.

దరఖాస్తు సమర్పించాక ఆడిట్ పరిధిని తెలిపే పత్రం సంస్థకు అందుతుంది, దాన్ని పట్టుకుని సంస్థ ఆమోదిత ఆడిటర్లలో ఎవరినైనా ఎంచుకుని, ధర మాట్లాడుకుని, తన డబ్బుతో ఆడిట్ చేయించుకోవాలి. కమిషన్ దరఖాస్తుకు రుసుము తీసుకోదు, ఖర్చంతా ఆడిటర్‌కే. ముప్పు తక్కువ ఉన్న సేవలకు ‘వెరిఫికేషన్’ సరిపోతుంది, ఇందులో అర్హతాపత్రాలు, బీమా, ఫిర్యాదులూ దుర్ఘటనలూ ఎలా చూస్తారన్న పత్రాలు దూరం నుంచే పరిశీలిస్తారు. ముప్పు ఎక్కువ ఉన్న సేవలకు ‘సర్టిఫికేషన్’ అవసరం, అది రెండు దశల్లో సాగుతుంది: మొదట పత్రాల పరిశీలన, తర్వాత సంస్థ ఉన్న చోటికి వెళ్లి సిబ్బందితో, సేవ పొందే వారితో మాట్లాడడం. సేవ పొందేవారు వద్దంటే తప్ప వారిని ఆడిట్‌లో భాగంగానే పరిగణిస్తారు, అంటే నోరు విప్పడానికి అనుమతి అడగవలసిన అవసరం వారికి లేదు. ప్రతి ప్రమాణానికి సున్నా నుంచి మూడు దాకా అంకెలు వేస్తారు. పెద్ద లోపానికి సున్నా, చిన్న లోపానికి ఒకటి, ప్రమాణం అందుకుంటే రెండు, ఆదర్శంగా ఉంటే మూడు. పెద్ద లోపాన్ని సరిదిద్దేదాకా ఆడిటర్ నుంచి సిఫారసు రాదు.

ఆడిటర్ నివేదికతో పని పూర్తికాదు. సంస్థా, దాన్ని నడిపే ‘ముఖ్య బాధ్యులూ’ తగినవారేనా అన్నది కమిషన్ విడిగా చూస్తుంది: గతంలో నిషేధ ఉత్తర్వు ఉన్నదా, తీవ్ర నేరంలో శిక్ష పడిందా, దివాలా తీశారా, కంపెనీలు నడపకుండా అనర్హత పడిందా అన్నవి ఇందులో వస్తాయి. అన్నీ సరిపోతే నమోదు పత్రం వస్తుంది. దానిలో సేవల గ్రూపులు, షరతులు, గడువు రాసి ఉంటాయి. గడువు సాధారణంగా మూడేళ్లు. సర్టిఫికేషన్ ఉన్నవారికి మధ్యలో, దాదాపు పద్దెనిమిది నెలలకు, మరో ఆడిట్ ఉంటుంది. నిరాకరణ వస్తే కమిషన్‌లోనే పునఃపరిశీలన కోరవచ్చు, ఆపై 2024 అక్టోబరులో పాత ట్రిబ్యునల్ స్థానంలో ఏర్పడిన పరిపాలనా సమీక్షా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

ఈ ప్రక్రియపై వచ్చిన విమర్శల్లో బలమైనది కాగితాలకు సంబంధించినది. ప్రమాణాలు ప్రతి విషయానికీ లిఖిత విధానం ఉండాలని కోరతాయి గనుక, ఆ విధానపత్రాలన్నీ ఒక కట్టగా తయారుచేసి అమ్మే సలహాదారుల వ్యాపారం దాని పక్కనే పెరిగింది. కొనుక్కున్న కట్ట మీద తన పేరు అచ్చువేసుకున్న యజమాని దాన్ని చదివాడన్న నమ్మకం లేదు, అతని దగ్గర రాత్రి షిఫ్టులో పనిచేసే మనిషి దాన్ని చూశాడన్న నమ్మకం అంతకన్నా లేదు. పరీక్షించవలసిన సంస్థే ఆడిటర్‌కు డబ్బు చెల్లించడం రెండో విమర్శ; ఆడిటర్లకు జాస్-ఏఎన్‌జెడ్ అనే సంస్థ గుర్తింపు, నిఘా ఉన్నప్పటికీ, కఠినంగా ఉండే ఆడిటర్‌ను వదిలి మెత్తగా ఉండే వారిని వెతుక్కునే వీలు సంస్థకు ఉంది. ఇంకా వ్యాపారం మొదలుపెట్టని సంస్థకు సేవ పొందేవారే ఉండరు గనుక, మొదటి ఆడిట్ దాని ఉద్దేశాలనే పరీక్షించగలదు, నడతను కాదు. ఆ మొదటి నమోదుకు తాత్కాలిక స్వభావం ఇచ్చి, సేవలు మొదలైన కొద్ది నెలల్లో ఎవరూ ఊహించని రోజున మళ్లీ వెళ్లి చూడగలిగితేనే ఆ పత్రానికి విలువ ఉంటుంది.

రెండు మరణాలను ఇక్కడ ప్రస్తావించక తప్పదు. 2020 ఏప్రిల్‌లో అడిలైడ్ నగరంలో, మస్తిష్క పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ)తో జీవిస్తున్న ఒక మహిళ తన సొంత ఇంట్లో, ఒకే ఒక్క సహాయకురాలి సంరక్షణలో ఉంటూ, కదలకుండా కుర్చీలోనే గడిపిన దీర్ఘకాలం వల్ల ఏర్పడిన పుండ్లతో, పోషకాహార లోపంతో మరణించింది. సహాయకురాలికి నరహత్య నేరం కింద శిక్ష పడింది. ఆ సహాయకురాలిని పంపిన సంస్థ నమోదైన సంస్థ. ఈ ఘటనపై విచారణ జరిపిన మాజీ న్యాయమూర్తి అలన్ రాబర్ట్‌సన్, నిస్సహాయ స్థితిలో ఉన్న వ్యక్తి ఇంట్లో ఒక్క సహాయకురాలే ఉండే ఏర్పాటు ఎన్నడూ ఉండకూడదని సిఫారసు చేశారు. రెండోది 2022లో న్యూ సౌత్ వేల్స్‌లో, స్నానపు నీటి వేడికి ఒళ్లు కాలి ఒక యువతి మరణించిన ఘటన. ఇందులోనూ సంస్థ నమోదైనదే, 2024లో ఫెడరల్ కోర్టు ఆ సంస్థకు 18 లక్షల డాలర్ల జరిమానా విధించింది. నీటిలో ముందు చెయ్యి పెట్టి చూడడం ఏ తల్లి అయినా ఎవరూ నేర్పకుండానే చేసే పని. ఆ చిన్న పనిని సిబ్బందికి నేర్పి, చేస్తున్నారో లేదో చూసే బాధ్యత సంస్థ మీద ఉంటుందని కోర్టు తీర్పు చెప్పకనే చెప్పింది.

ఈ రెండు ఘటనలు నమోదు పనికిరాదని రుజువు చేస్తాయన్న వాదన ఉంది, కానీ దాన్ని అంగీకరించడం కష్టం. నమోదు ఉన్నందువల్లే ఆ సంస్థల మీద ప్రమాణాల ఉల్లంఘనను మోపగలిగారు. ఒకదాని నమోదును రద్దుచేసి నిషేధించగలిగారు, మరొకదాన్ని కోర్టుకు లాగగలిగారు. మరణం, తీవ్ర గాయం, హింస, నిర్లక్ష్యం, లైంగిక దుష్ప్రవర్తన వంటి ఘటనలను నమోదైన సంస్థ 24 గంటల్లో కమిషన్‌కు తెలపాలి. అనుమతి లేకుండా మనిషిని గదిలో ఒంటరిగా ఉంచడం, మందులతో మత్తులో ఉంచడం, కట్టివేయడం, బలంగా పట్టుకోవడం, అతనికి కావలసిన వస్తువులకూ చోట్లకూ తాళం వేయడం అనే ఐదు రకాల నిర్బంధ చర్యలు వాడితే, గాయమేమీ కాకపోయినా ఐదు పని దినాల్లో తెలపాలి. నమోదు లేని వారికి ఈ బాధ్యత లేదు. నడవడిక నియమావళి అందరికీ వర్తిస్తుంది, ఫిర్యాదూ అందరి మీదా చేయవచ్చు, నిషేధ ఉత్తర్వూ అందరికీ ఇవ్వవచ్చు. అయితే ఫిర్యాదు చేయడానికి ఎవరో ఒకరు ఉండాలి. అడిలైడ్‌లోని ఆ ఇంట్లో అలాంటివారు ఎవరూ లేరు. కనుక అసలు లోపం పరీక్ష పత్రాల దగ్గర ఆగిపోవడంలో ఉంది, పరీక్ష ఉండడంలో లేదు.

సిబ్బంది తనిఖీని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2021 ఫిబ్రవరి నుంచి చాలా రాష్ట్రాల్లో అమలైన ఎన్‌డీఐఎస్ వర్కర్ స్క్రీనింగ్ చెక్, నమోదైన సంస్థల్లో సేవ పొందేవారితో నేరుగా పనిచేసే ప్రతి ఒక్కరికీ తప్పనిసరి. ఐదేళ్ల గడువుతో దేశమంతా చెల్లే ఈ అనుమతి, నేరచరిత్రతో పాటు పాత ఉద్యోగాల్లోని క్రమశిక్షణా చర్యలను కూడా పరిశీలిస్తుంది. ఒక రాష్ట్రంలో తప్పుచేసి మరో రాష్ట్రంలో ఉద్యోగం వెతుక్కునే దారి దీనివల్ల చాలావరకు మూసుకుంది.

ఖర్చు విషయానికి వస్తే, పెద్ద సంస్థకూ చిన్న సంస్థకూ ఒకే నియమం రెండు వేర్వేరు బరువులుగా పడుతుంది. వందలమంది సిబ్బంది ఉన్న సంస్థకు ఆడిట్ ఒక విభాగం చూసుకునే పని, ఒంటరిగా పనిచేసే వాక్‌చికిత్సకుడికి అది పని మానుకుని కూర్చుని చేయవలసిన వారాల శ్రమ. అప్పటికే ఆరోగ్య వృత్తుల మండలి దగ్గర నమోదైన నిపుణులు ఒకే అర్హతను రెండుచోట్ల ఎందుకు నిరూపించుకోవాలని అడగడంలో న్యాయముంది. దానికితోడు నమోదైన సంస్థ ప్రభుత్వం నిర్ణయించిన గరిష్ఠ ధర దాటకూడదు, కానీ సొమ్ము స్వయంగా నడుపుకునే పార్టిసిపెంట్‌తో వ్యవహరించే నమోదు లేని వ్యక్తి తన ధర తాను చెప్పుకోవచ్చు. పరీక్షకు నిలబడిన వారికి భారం, నిలబడని వారికి వెసులుబాటు అన్న ఈ అమరిక, నిజాయితీగల చిన్న సంస్థలను నమోదు వదులుకునే వైపు నెడుతుంది. నార్తర్న్ టెరిటరీ వంటి మారుమూల ప్రాంతాల్లో ఆదిమజాతి గ్రామాలకు సేవలందించేవారే అరుదు గనుక అక్కడ సమస్య మరో రూపం తీసుకుంటుంది. అక్కడ ఒక్క సంస్థ నమోదు వదులుకుంటే, ఎవరి బిల్లులు ఏజెన్సీ కడుతుందో వారికి ఊళ్లో సేవే లేకుండా పోతుంది.

తెలుగువారికి ఈ చర్చతో ఉన్న సంబంధం చిన్నది కాదు. 2021 జనగణన ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేలకు పైగా ఉన్నారు. మెల్‌బోర్న్, సిడ్నీ నగరాల్లో చదువుకోవడానికి వెళ్లిన వారిలో ‘సపోర్ట్ వర్కర్’గా గంటల లెక్కన పనిచేసేవారు ఉన్నారు, కొంత అనుభవం వచ్చాక సొంతంగా సంస్థ పెట్టేవారూ ఉన్నారు. పథకంలో లబ్ధి పొందాలంటే మాత్రం పౌరసత్వం గానీ శాశ్వత నివాస వీసా గానీ కొన్ని ప్రత్యేక వీసాలు గానీ ఉండాలి, కనుక తాత్కాలిక వీసాపై ఉన్న కుటుంబంలోని ఆటిజం గల బిడ్డకు ఈ తలుపు తెరుచుకోదు, ఆ బిడ్డ తండ్రి అదే పథకం కింద ఇంకొకరి బిడ్డను చూసుకునే పనిలో ఉన్నా సరే. సంస్థ పెట్టే తెలుగువారు భాషా సంస్కృతులు తెలిసిన సేవను తమ బలంగా చెప్పుకుంటారు, ఆ మాటలో నిజముంది: ఎదుటి మనిషి విలువలనూ నమ్మకాలనూ గౌరవించడం ప్రమాణాల్లోనే ఒక అంశం, ఇంగ్లిషు రాని అమ్మమ్మకు తన మనవడి సంగతి తెలుగులో వివరించగల మనిషి దొరకడం చిన్న విషయం కాదు. అయితే ఒకే సామాజిక వలయంలో సంస్థా, సిబ్బందీ, సేవ పొందే కుటుంబమూ అన్నీ తెలిసినవారే అయినప్పుడు ఫిర్యాదు చేయడానికి మొహమాటం అడ్డొస్తుంది. ఫిర్యాదును కృతఘ్నతగా చూసే మన అలవాటును సంస్థ యజమాని ముందుగా తానే వదులుకోవాలి. ‘మా మీద కమిషన్‌కు ఫిర్యాదు ఇలా చేయవచ్చు’ అని తెలుగులో రాసి మొదటి రోజే కుటుంబం చేతిలో పెట్టడం నమోదు నియమాల స్ఫూర్తికి అత్యంత దగ్గరి ఆచరణ.

భారతదేశంలోని స్థితిని దీనితో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తొమ్మిదో అధ్యాయం వికలాంగుల కోసం సంస్థను స్థాపించేవారు, నడిపేవారు అధీకృత అధికారి దగ్గర నమోదు పత్రం పొందాలని, దరఖాస్తుపై 90 రోజుల్లో నిర్ణయం జరగాలని చెబుతుంది. పునరావాస నిపుణుల వ్యక్తిగత నమోదును 1992 నాటి చట్టంతో ఏర్పడిన భారత పునరావాస మండలి చూస్తుంది. ఈ ఏర్పాట్ల వెనకున్న ఊహలో సంస్థ అంటే ఒక భవనం, దానికి ఒక బోర్డు, లోపల కొందరు విద్యార్థులు లేదా నివాసులు. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో ఇంటికి సహాయకులను పంపే ఏజెన్సీలు పెరుగుతున్న ఈ రోజుల్లో, ఆ ఊహకు అందని సేవ ఎవరి పర్యవేక్షణలో ఉన్నదన్నది తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఆలోచించవలసిన విషయం. ఆస్ట్రేలియా అనుభవంలోంచి ఏమైనా తీసుకోవాలంటే కాగితాల కట్టను వదిలి, దుర్ఘటనను 24 గంటల్లో తెలిపే బాధ్యతను, సిబ్బంది తనిఖీని తీసుకోవాలి.

ఇక సంస్కరణల సంగతి. వైకల్యం గలవారిపై జరిగే హింస, వేధింపులు, నిర్లక్ష్యం, దోపిడీలపై విచారణ జరిపిన రాయల్ కమిషన్ 2023 సెప్టెంబరులో 222 సిఫారసులతో పన్నెండు సంపుటాల నివేదిక ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో, బ్రూస్ బోనీహాడీ, లీసా పాల్‌ల అధ్యక్షతన జరిగిన పథక సమీక్ష బయటికొచ్చి, సేవలందించే అందరినీ ప్రభుత్వ దృష్టిలోకి తేవాలని, అయితే ముప్పును బట్టి నాలుగు అంచెలుగా విభజించి, అట్టడుగున కేవలం పేరు చేర్చుకుంటే సరిపోయే అంచె ఉంచాలని చెప్పింది. దీనికి గట్టి ప్రతిఘటన వచ్చింది, అదీ వైకల్యం గలవారి నుంచే. ఏళ్ల తరబడి సంస్థల దయ మీద బతికి, చివరికి తమకు నచ్చిన పొరుగింటి యువతిని తామే సహాయకురాలిగా నియమించుకునే స్థాయికి వచ్చినవారు, ఆమెను నమోదు చేసుకోమంటే ఆమె పని మానేస్తుందని, తాము మళ్లీ సంస్థల చేతుల్లోకి పోతామని భయపడ్డారు. ఆ భయాన్ని అనుభవం నుంచి వచ్చిన మాటగా తీసుకోవాలి. వైకల్యం గల న్యాయవాది నటాలీ వేడ్ అధ్యక్షతన నమోదుపై ఏర్పడిన టాస్క్‌ఫోర్స్ 2024 ఆగస్టులో వెలువరించిన సలహాలో, తమ సేవలను తామే నడిపించుకునేవారి కోసం ప్రత్యేక నమోదు వర్గాన్ని ప్రతిపాదించడం ఆ భయానికి వచ్చిన గౌరవప్రదమైన జవాబు. అలాంటి వర్గంలో సేవ పొందే వ్యక్తే బాధ్యత తీసుకుంటాడు, అతని దగ్గర పనిచేసేవారు ఒక్కొక్కరు వ్యాపార సంస్థల మాదిరి ఆడిట్‌లకు నిలబడవలసిన అవసరం ఉండదు.

ప్రభుత్వం అన్ని సిఫారసులనూ ఒకేసారి చేపట్టలేదు. 2024 సెప్టెంబరులో తొలి అడుగుగా, ఉమ్మడి ఇళ్లలో రాత్రింబవళ్లు తోడుగా ఉండే సేవలకూ, సహాయకులనూ అవసరమైన వారినీ కలిపే ఆన్‌లైన్ వేదికలకూ, సేవలను సమన్వయపరిచే వారికీ నమోదును తప్పనిసరి చేస్తామని ప్రకటించింది. వీటిలో ఉమ్మడి ఇళ్ల సేవలకు, ఆన్‌లైన్ వేదికలకు 2026 జూలై 1ని ఆరంభ తేదీగా నిర్ణయించింది. ఉమ్మడి ఇంటిని ముందు ఎంచుకోవడం సరైన క్రమమే, ఎందుకంటే అక్కడ మనిషి నిద్ర, తిండి, తలుపు తాళం, ఫోను, బయటి చుట్టాల రాకపోకలు అన్నీ ఒకే సంస్థ చేతిలో ఉంటాయి, ఆ సంస్థను వదలాలంటే ఇల్లు వదలాలి. ముప్పును కొలవడానికి ఇదే కొలమానం అన్నిచోట్లా వాడితే, అంటే ఈ మనిషి దగ్గరికి సంస్థకు చెందని వారు వారంలో ఎందరు వస్తారు అని అడిగితే, సేవల గ్రూపుల జాబితా కన్నా నిజమైన క్రమం వస్తుంది. రోజూ ఆఫీసుకు వెళ్లి, తోబుట్టువులతో మాట్లాడి, తన బిల్లులు తాను చూసుకునే చక్రాల కుర్చీ వాడే మనిషికి వ్యక్తిగత సేవ చేసే సహాయకుడికి తేలికపాటి నమోదు చాలు. మాట రాని, చుట్టాలు లేని వృద్ధురాలి ఇంటికి వారానికి ఒకసారి ఇల్లు ఊడ్వడానికి మాత్రమే వచ్చే మనిషికి, నేటి లెక్కలో ముప్పు తక్కువ అనిపించినా, ఆ ఇంట్లో ఏం చూశాడో చెప్పే బాధ్యత, చెప్పడానికి ఒక ఫోన్ నంబరు తప్పక ఉండాలి.